ధర తగ్గినంత మాత్రాన భద్రత రాదు

దేశంలో డీమ్యాట్ ఖాతాల సంఖ్య 2020 మార్చి నాటికి సుమారు 4 కోట్లు. 2025 ఆగస్టులో అది 20 కోట్లు దాటింది. ఒక్కొక్కరికి ఒకటికి మించి ఖాతాలు ఉండవచ్చు గనుక మదుపరుల సంఖ్య కూడా అంతేనని చెప్పలేం. అయినా ఒక విషయం స్పష్టం. నేడు షేర్ల మార్కెట్‌లో ఉన్నవారిలో చాలామంది 2020 నాటి పతనాన్ని సొంత డబ్బుతో చవిచూసినవారు కారు. పడిన ప్రతిసారీ మార్కెట్ మళ్లీ లేచిన కాలంలోనే వారి అనుభవం మొదలైంది. అందువల్ల బాగా పడిపోయిన షేరు దొరికితే అది చౌక బేరమేనన్న భావన సులువుగా పాతుకుపోతోంది. ఈ భావనకు మద్దతుగా తరచూ వినిపించే మాట ‘మార్జిన్ ఆఫ్ సేఫ్టీ’, అంటే భద్రతా అంతరం. ఆ సూత్రం చెప్పేది మాత్రం వేరు.

ఈ సూత్రానికి రూపమిచ్చినవారు అమెరికా ఆర్థిక విశ్లేషకుడు బెంజమిన్ గ్రాహం. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన మదుపు విశ్లేషణను బోధించారు. 1929 మార్కెట్ పతనంలో స్వయంగా తీవ్రంగా నష్టపోయిన అనుభవం ఆయనది. 1934లో డేవిడ్ డాడ్‌తో కలిసి ‘సెక్యూరిటీ అనాలిసిస్’ గ్రంథాన్ని, 1949లో సామాన్య మదుపరుల కోసం ‘ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్’ను వెలువరించారు. ఈ రెండో పుస్తకంలోని చివరి అధ్యాయం పూర్తిగా భద్రతా అంతరానికే అంకితం. ప్రపంచ ప్రసిద్ధ మదుపరి వారెన్ బఫెట్ ఆయన శిష్యుడే.

సూత్రం సరళమైనది. ఒక కంపెనీ ఆస్తులు, అప్పులు, ఆర్జన శక్తి ఆధారంగా దాని షేరుకు ఒక అంతర్గత విలువను జాగ్రత్తగా అంచనా వేయాలి. ఆ విలువ కన్నా చెప్పుకోదగినంత తక్కువ ధరకు దొరికినప్పుడే కొనాలి. విలువకూ ధరకూ మధ్య ఉన్న ఆ ఎడమే భద్రతా అంతరం. చెరువు కట్టను నిండు నీటిమట్టానికి సరిసమానంగా ఎవరూ కట్టరు. వాన ఎంత కురుస్తుందో ముందుగా తెలియదు గనుకనే కట్టకు అదనపు ఎత్తు ఇస్తారు. మదుపులోనూ అంతే. భవిష్యత్తును కచ్చితంగా లెక్కించలేమన్న ఎరుక నుంచి పుట్టినదే ఈ అంతరం.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక కంపెనీ ఏటా షేరుకు రూ.10 లాభం ఆర్జిస్తోంది. దాని విలువ రూ.120 నుంచి రూ.160 మధ్య ఉండవచ్చని అంచనా. జాగ్రత్తపరుడు కింది అంకెనే, అంటే రూ.120నే ప్రమాణంగా తీసుకుంటాడు. అందులో మూడో వంతు తగ్గించి రూ.80కి దొరికేదాకా ఆగుతాడు. తర్వాత అంచనా తప్పి అసలు విలువ రూ.100 మాత్రమేనని తేలినా అతడు చెల్లించిన ధర విలువ కన్నా తక్కువే. అదే షేరును రూ.115కు కొన్నవారికి మాత్రం ఆ పాటి పొరపాటే నష్టంగా మారుతుంది. అంటే ఈ అంతరం లాభానికి హామీ కాదు. మదుపరి లెక్కలో తప్పుకు ఇచ్చే చోటు.

గ్రాహం దీనిని బాండ్ల రాబడితోనూ పోల్చి చూపారు. పై ఉదాహరణలో రూ.80 ధరపై రూ.10 లాభమంటే 12.5 శాతం ఆర్జన. ప్రభుత్వ బాండ్లపై రాబడి 7 శాతం అనుకుంటే, వ్యాపార నష్టభయానికి ప్రతిఫలంగా 5.5 శాతం అదనం మిగులుతుంది. అదే షేరును రూ.200కు కొంటే ఆర్జన 5 శాతమే. నష్టభయం లేని బాండు కన్నా అది తక్కువ. లాభాలు వేగంగా పెరుగుతాయన్న ఆశ నిజమైతే తప్ప ఆ కొనుగోలుకు ఆధారం లేదు.

పాత ధర కొలబద్ద కాదు

ఆచరణలో జరిగే ప్రధాన పొరపాటు అంతర్గత విలువ స్థానంలో షేరు పాత గరిష్ఠ ధరను నిలబెట్టడం. నాలుగు వందలు పలికిన షేరు ఎనభైకి వచ్చింది కాబట్టి ఎనభై శాతం భద్రత ఉందని భావించడం. దీని పర్యవసానం ఏమిటో యెస్ బ్యాంక్ ఉదంతం చెబుతుంది.

2018 ఆగస్టులో యెస్ బ్యాంక్ షేరు రూ.400 దాటింది. ఏడాది తర్వాత, 2019 ఆగస్టులో, ఆ బ్యాంకు సంస్థాగత మదుపరులకు ఒక్కో షేరును రూ.83.55 చొప్పున విక్రయించి రూ.1,930 కోట్లు సమీకరించింది. గరిష్ఠ స్థాయితో పోలిస్తే ధర అప్పటికే దాదాపు 80 శాతం తగ్గింది. 2020 మార్చి 5న రిజర్వ్ బ్యాంక్ ఆ బ్యాంకుపై మారటోరియం విధించి, ఖాతాదారుల ఉపసంహరణలను రూ.50,000కు పరిమితం చేసింది. మరుసటి రోజు షేరు సగానికి పైగా పడిపోయింది. ఆ నెలలోనే అమలైన పునర్నిర్మాణ పథకం కింద భారతీయ స్టేట్ బ్యాంకు, మరికొన్ని బ్యాంకులు, ఆర్థిక సంస్థలు ఒక్కో షేరును రూ.10కి తీసుకున్నాయి. ఆ ధరతో కొలిస్తే, ఏడు నెలల ముందు చౌక అనుకుని పెట్టిన లక్ష రూపాయలు సుమారు రూ.12 వేలుగా మిగిలాయి. 100 లేదా అంతకు మించి షేర్లున్న పాత వాటాదారులు తమ వాటాలో 75 శాతాన్ని మూడేళ్లపాటు విక్రయించడానికి కూడా వీలు లేకపోయింది.

ఈ ప్రమాదం హెచ్చరిక లేకుండా వచ్చిందా? లేదు. 2015-16 సంవత్సరానికి ఆ బ్యాంకు చూపిన స్థూల మొండి బకాయిలు సుమారు రూ.749 కోట్లు. రిజర్వ్ బ్యాంక్ లెక్కలో అవి సుమారు రూ.4,926 కోట్లు. ఆ మరుసటి ఏడాది బ్యాంకు రూ.2,018 కోట్లు చూపగా, రిజర్వ్ బ్యాంక్ రూ.8,373 కోట్లుగా నిర్ధారించింది. ఈ వ్యత్యాసాలు షేరు గరిష్ఠ స్థాయికి చేరకముందే బహిరంగమయ్యాయి. అప్పుగా ఇచ్చిన సొమ్మే బ్యాంకుకు ఆస్తి. అందులో ఎంత తిరిగి వస్తుందన్నది సందేహమైనప్పుడు పద్దుల్లో కనిపించే పుస్తక విలువ కూడా సందేహాస్పదమే. చివరకు 2019 డిసెంబర్ త్రైమాసికంలో ఆ బ్యాంకు రూ.18,564 కోట్ల నికర నష్టాన్ని ప్రకటించింది. ధర పడుతున్న ప్రతి దశలోనూ విలువ అంతకన్నా వేగంగా కరిగిపోయింది. కొన్నవారు చూసిన అంతరం అసలు లేనే లేదు.

అదే కాలంలో మరో బ్యాంకు షేరు కూడా పడింది. 2020 మేలో స్టేట్ బ్యాంకు షేరు రూ.150 సమీపానికి, పుస్తక విలువకు చాలా దిగువకు చేరింది. కొవిడ్ వల్ల రుణాలు ఎంతమేరకు మునుగుతాయో ఎవరికీ తెలియని సమయమది. అయితే ఆ బ్యాంకు తన మొండి బకాయిల భారాన్ని అప్పటికే పద్దుల్లో అంగీకరించింది. 2018 మార్చి నాటికి దాని స్థూల మొండి బకాయిలు 10.91 శాతానికి చేరాయి; ఆ ఏడాది బ్యాంకు రూ.6,547 కోట్ల నష్టం చూపింది. 2020 మార్చి నాటికి ఆ బకాయిలు 6.15 శాతానికి తగ్గాయి. వాటికి ఎదురుగా 83 శాతానికి మించి కేటాయింపులు సిద్ధంగా ఉన్నాయి. మెజారిటీ వాటా ప్రభుత్వానిది; డిపాజిట్లు స్థిరంగా ఉన్నాయి. 2024లో ఆ షేరు రూ.800 దాటింది.

ఫలితం తెలిసిన తర్వాత కథ చెప్పడం తేలిక. 2020 మేలో స్టేట్ బ్యాంకు షేరు ఇంతగా పెరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆనాడు తెలిసిన అంశాలతోనే చూసినా రెండింటికీ తేడా కనిపిస్తుంది. ఒక చోట నష్టం పద్దుల్లోకి వచ్చేసింది. మరో చోట ఇంకా రావలసి ఉంది. వ్యాపార పరిస్థితులు బాగున్న కాలంలో నాణ్యత లేని షేర్లను కొనడం వల్లనే మదుపరులకు ప్రధాన నష్టాలు వస్తాయని గ్రాహం ఏనాడో గుర్తించారు.

లెక్కలే అబద్ధమైనప్పుడు

భద్రతా అంతరానికీ ఒక హద్దు ఉంది. అది కంపెనీ ప్రకటించే అంకెల మీద ఆధారపడుతుంది. ఆ అంకెలు నిజం కానప్పుడు అంతరమూ నిజం కాదు. తెలుగువారికి ఈ పాఠం హైదరాబాద్ నుంచే అందింది. 2008 డిసెంబర్‌లో మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రతిపాదన తెచ్చి, మదుపరుల ఆగ్రహంతో వెనక్కి తీసుకున్న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ షేరు ఒక్క రోజులో సుమారు 30 శాతం పడిపోయింది. 2009 జనవరి 6న దాని ధర రూ.179 ప్రాంతంలో ఉంది. ఆ లెక్కన కంపెనీ మార్కెట్ విలువ రూ.12 వేల కోట్ల దగ్గర. 2008 సెప్టెంబర్ నాటి పద్దుల్లో నగదు, బ్యాంకు నిల్వలే రూ.5,361 కోట్లు. అంటే ధరలో నలభై శాతానికి మించి చేతిలోని నగదే. గ్రాహం సూత్రాన్ని పైపైన చదివినవారికి ఇంతకు మించిన భద్రత కనిపించదు.

మరుసటి రోజు, జనవరి 7న, ఛైర్మన్ బి.రామలింగరాజు లేఖ వెలువడింది. ఆ నిల్వల్లో రూ.5,040 కోట్లు లేనే లేవని ఆయన అంగీకరించారు. షేరు ఆ రోజు సుమారు రూ.40 వద్ద ముగిసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు రూ.58 చొప్పున బిడ్ వేసి కంపెనీని చేజిక్కించుకుంది. కట్ట ఎంత ఎత్తున్నా లోపల బొరియ పడితే నీరు ఆగదు. పేరున్న ఆడిటర్లు ధ్రువీకరించిన పద్దుల్లోని మోసాన్ని సామాన్య మదుపరి ఇంట్లో కూర్చుని కనిపెట్టలేడు.

ఇలాంటి ప్రమాదానికి విరుగుడు లోతైన లెక్కలో లేదు. సొమ్మంతా ఒకే చోట పెట్టకపోవడంలో ఉంది. భద్రతా అంతరానికీ, పెట్టుబడిని పలు షేర్లలో పంచడానికీ దగ్గరి సంబంధం ఉందని గ్రాహం స్పష్టం చేశారు. ఒక షేరు చౌకగా దొరికినా అది వికటించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అలాంటివి ఇరవై ఉంటే, కొన్ని పోయినా మొత్తం మీద గట్టెక్కే అవకాశం ఎక్కువ. ఒకే షేరులో బిడ్డ పెళ్లికో చదువుకో దాచిన సొమ్ము పెట్టిన కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు.

నష్టం లెక్క కూడా ఇదే చెబుతుంది. 20 శాతం నష్టపోయినవారు అసలుకు రావాలంటే 25 శాతం పెరుగుదల చాలు. 50 శాతం పోతే 100 శాతం పెరగాలి. 90 శాతం పోతే మిగిలినది పది రెట్లు కావాలి. పడుతున్న షేరును సగటు ధర తగ్గించుకునేందుకు మళ్లీ మళ్లీ కొనేవారు మొదట ఈ లెక్క వేసుకోవాలి. ఆ తర్వాత కంపెనీ విలువను కొత్తగా అంచనా కట్టాలి. విలువ చెక్కుచెదరలేదని తేలితేనే తగ్గిన ధరకు అర్థం ఉంటుంది.

ఈ పద్ధతిపై విమర్శలూ ఉన్నాయి. వేగంగా ఎదిగే మంచి కంపెనీలు విలువకు దిగువన అరుదుగా దొరుకుతాయి. ధర తగ్గుతుందని ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు ఆ ఎదుగుదలను పోగొట్టుకుంటారు. ఈ వాదనలో నిజం ఉంది. ఎదురుచూపుకూ ఖరీదు ఉంటుంది. అయితే ఆ ఖరీదు చేజారిన లాభం మాత్రమే. అతి ధరకు కొన్నందుకు చెల్లించేది చేతిలోని అసలు. పరిమిత ఆదాయంలోంచి పొదుపు చేసే కుటుంబానికి ఈ రెండు నష్టాలూ సమానం కావు. అదీగాక అవకాశాలు పూర్తిగా మూసుకుపోవు. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్క రోజులో 13 శాతానికి పైగా పడి 25,981 వద్ద ముగిసినప్పుడు మంచి కంపెనీల షేర్లూ చెడ్డవాటితో పాటే పడ్డాయి. ముందుగా విలువ లెక్క వేసుకుని, చేతిలో సొమ్ము ఉంచుకున్నవారికే ఆనాడు ఆ రెండింటినీ వేరు చేయగల వీలు కలిగింది.

సామాన్య మదుపరి చూడవలసిన ఆధారాలు అందుబాటులోనే ఉన్నాయి. వార్షిక నివేదికలో లాభంతో పాటు నగదు రాబడి కూడా పెరుగుతోందా, అప్పు ఎంత, ఆడిటర్ ఏమైనా అభ్యంతరం తెలిపారా అన్నవి తెలుసుకోవచ్చు. ప్రమోటర్లు తనఖా పెట్టిన షేర్ల వివరాలను వెల్లడించడాన్ని సత్యం ఉదంతం తర్వాత, 2009 జనవరిలో, సెబీ తప్పనిసరి చేసింది. బ్యాంకుల విషయంలో మొండి బకాయిలపై రిజర్వ్ బ్యాంక్ లెక్కకూ బ్యాంకు లెక్కకూ ఉన్న నిర్ణీత స్థాయి మించిన తేడాను ప్రకటించవలసి ఉంటుంది. ఇవి చదివే తీరిక లేనివారు, చదివినా అర్థం చేసుకోలేమనుకునేవారు విడి షేర్ల ఎంపిక జోలికి వెళ్లకపోవడమే మేలు. సలహా తీసుకునేవారు సలహాదారుకు సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందుగా సరిచూసుకోవాలి.

షేరు ఎంత పడిందన్నది తెరపై క్షణంలో కనిపిస్తుంది. దాని విలువ ఎంతన్నది మాత్రం ఏ తెరపైనా కనిపించదు; శ్రమపడి, అనుమానంతో లెక్క వేసుకోవాలి. మొదటి అంకెను చూసి రెండోది తెలిసిందనుకున్న చోటే యెస్ బ్యాంక్ వాటాదారులు దెబ్బతిన్నారు. కొనబోయే ముందు మదుపరి అడగవలసిన ప్రశ్న ‘ఇది ఎంత తగ్గింది’ అన్నది కాదు. ‘నా లెక్క తప్పయితే నాకు మిగిలేది ఎంత’ అన్నది.