పరీక్షకు కాదు, పర్యవసానానికే భయం

ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులకు హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం. వైరస్ ఉన్నట్లు తేలితే మందులూ ఉచితమే. చికిత్స లేనప్పుడు తల్లి నుండి బిడ్డకు అది సోకే అవకాశం నూటికి 15 నుండి 45 వరకు ఉంటుందనీ, సకాలంలో మందులు వాడితే 5 కంటే తగ్గుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంత మేలున్నా కొందరు స్త్రీలు పరీక్షకు వెనుకాడుతున్నారు. దీనిని అజ్ఞానమని కొట్టిపారేయడం సులభమే గాని న్యాయం కాదు.

గర్భిణి గనుక ఇంట్లో మొదట పరీక్ష జరిగేది ఆమెకే. వైరస్ భర్త నుండి వచ్చినా కాగితం మీద ముందు కనబడేది ఆమె పేరే, నిందా ఆమెదే. అత్తింటి తలుపు మూసుకుంటుందేమో, తలాక్ మాట వినవలసి వస్తుందేమో, పుట్టింట చెల్లెళ్ల సంబంధాలు చెడిపోతాయేమో అన్న భయాలు ఆమెను ముందే చుట్టుముడతాయి. చిన్న పట్టణంలో ఆస్పత్రి సిబ్బందిలో ఎవరో ఒకరు తెలిసినవారే ఉంటారు. అత్తగారు పక్కనే నిలబడి ఉండగా కౌన్సెలర్ ప్రశ్నలకు ఆమె ఏమని జవాబు చెప్పగలదు? ఉర్దూ మాత్రమే వచ్చిన స్త్రీకి సమ్మతి పత్రంలోని సంగతులు విడమరచి చెప్పేవారెందరు? పరువైన కుటుంబానికి ఈ పరీక్షెందుకన్న పెద్దల మాట మిగిలిన దారినీ మూసివేస్తుంది.

చట్టం మాత్రం ఆమె పక్షానే ఉన్నది. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం, విషయం తెలియజెప్పి సమ్మతి పొందిన తరువాతనే పరీక్ష చేయాలి. వివరాలు గోప్యంగా ఉంచాలి. వైద్యంలో వివక్ష చూపరాదు. కాపురమున్న ఇంట నివసించే హక్కు ఆమెకు ఉంటుంది. భర్తకు తెలిపితే హింసకో పరిత్యాగానికో గురికాగలదన్న సహేతుకమైన భయం ఉన్నచోట వైద్యులు అతనికి తెలుపరాదు. ఫిర్యాదుల విచారణకు ప్రతి రాష్ట్రంలోనూ అంబుడ్స్‌మన్ ఉండాలి. ఈ హక్కులు ఆమె చెవిన పడకపోతే ఉన్నా లేనట్టే.

కనుక ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి మూడు: స్త్రీతో ఏకాంతంగా మాట్లాడే గది, మహిళా కౌన్సెలర్, ఉర్దూలో వివరణ. మనం చేయవలసినవీ ఉన్నాయి. భార్యతో పాటు భర్త కూడా పరీక్ష చేయించుకుంటే నింద ఒక్కరి తలపై పడదు. వ్యాధిగ్రస్తురాలిని ఇంటి నుండి వెళ్లగొట్టడం అన్యాయమని జుమా ఖుత్బాలలో ఇమాములు చెప్పాలి. అటువంటి ఇంటికి జమాత్ పెద్దలు వెళ్లి నిలబడాలి. పొరుగింటి రోగం గురించి తెలిసినప్పుడు దానిని అమానత్‌గా కాపాడుకోవాలి. సందేహాలున్నవారు 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

పరీక్ష చేయించుకొమ్మని ఆ తల్లికి చెప్పే ముందు, ఫలితం ఏదైనా నీ వెంట ఉంటామని చెప్పగలగాలి. ఆ భరోసా ఇవ్వని సమాజానికి ఆమెను తప్పుపట్టే హక్కు లేదు.