పేల కోసం కాదు... చెలిమి కోసం!

విజయవాడ వెళ్తూ చౌటుప్పల్‌లో టీ కోసం ఆగాం. హోటల్ పక్క ప్రహరీ మీద పదిహేను కోతుల దాకా ఉన్నాయి. ఓ పెద్ద కోతి కాళ్లు బార్లా చాపుకుని, చెయ్యి పైకెత్తి, కళ్లు మూసుకుని పడుకుంది. ఇంకోటి దాని చంకలో వెంట్రుకలు పాయలు పాయలుగా విడదీస్తూ, ఏదో దొరికినప్పుడల్లా నోట్లో వేసుకుంటోంది. ఎంత శ్రద్ధో!

‘‘మా వాకిట్ల అమ్మలక్కలు గూసున్నట్టే గూసున్నయ్ గద బిడ్డా’’ అని నవ్వింది పక్క బల్ల మీది పెద్దమ్మ.

‘‘గోడ మీద గూసుంటే మంచిగనే ఉంటయ్. చేన్ల వడితె తెలుస్తది. పల్లికాయ ఏసుడు బంజేసి మూడేండ్లాయె’’ అన్నాడు ఆమెతో వచ్చిన రైతు.

ఇద్దరి మాటా నిజమే. అందుకే ఈ వారం ఆ గోడ మీది సంగతులు.

పేలు చూసుకోవడమంటే శుభ్రతే అనుకుంటాం. అదీ ఉంది. తన చేయి అందని వీపు, మెడ లాంటి చోట్ల పేలు, ఈళ్లు తీయడానికి ఇంకో చేయి కావాలి కదా. కానీ అంతమాత్రానికే అయితే గంటల కొద్దీ కూర్చోనక్కర్లేదు. గెలాడా అనే ఇథియోపియా కోతులు పగటి పూటలో ఐదో వంతు దాకా ఈ పనికే కేటాయిస్తాయి. ఎందుకంటే అందులో సుఖముంది. అలా నిమురుతుంటే ఒంట్లో ఎండార్ఫిన్లనే హాయినిచ్చే రసాయనాలు పెరుగుతాయని 1989లో టాలపోయిన్ కోతుల మీద చేసిన పరిశోధనలో తేలింది. అమ్మ ఒడిలో తల పెట్టుకుంటే మనకు నిద్ర ముంచుకొస్తుందే... అలాగన్నమాట!

ఇందులో ఇచ్చిపుచ్చుకోవడాలూ ఉన్నాయి. కెన్యాలోని అంబోసెలిలో సేఫార్త్, చెనీ అనే శాస్త్రవేత్త దంపతులు వెర్వెట్ కోతులను ఏళ్ల తరబడి గమనించారు. సాయం కోసం పిలిచే కోతి అరుపును రికార్డు చేసి, దాచిన స్పీకర్లోంచి వినిపించారు. బంధువు కాని కోతి అరిస్తే మామూలుగా పెద్దగా పట్టించుకోవు. అదే కాసేపటి క్రితం తనకు పేలు చూసిన కోతి గొంతయితే అటుకేసి ఎక్కువసేపు చూశాయి! 1984లో వెలువడిన ఈ ఫలితం చెప్పేదేంటంటే, కోతులు చేసిన మేలు మరిచిపోవు.

మన దగ్గర కనిపించేవి ముఖ్యంగా రెండు రకాలు. తల మీద పాపిడి తీసినట్టు జుట్టు, పొడవాటి తోక ఉంటే అది దక్షిణాది సొంత కోతి... బానెట్ మకాక్. తోక పొట్టిగా, పిరుదులు ఎర్రగా ఉంటే రీసస్. రెండింటిలోనూ ఆడవాటిదే పుట్టిల్లు. మగ పిల్లలు ఈడొచ్చాక గుంపు వదిలి వెళ్లిపోతాయి. ఆడ పిల్లలు మాత్రం అమ్మ, అమ్మమ్మ, అక్కచెల్లెళ్లతో అక్కడే బతుకుతాయి. తల్లి హోదానే కూతురికీ వస్తుంది. గోడ మీద ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో కాస్త గమనిస్తే సగం వంశవృక్షం అర్థమైపోతుంది. దెబ్బలాడుకున్నవి కాసేపటికి దగ్గర చేరి రాజీ పడటమూ చూడొచ్చు.

కష్టకాలంలో ఈ చెలిమి విలువ ఇంకా తెలుస్తుంది. 1938లో మన దేశం నుంచే ఓడలో తీసుకెళ్లిన రీసస్ కోతుల సంతతి ప్యూర్టోరికో దగ్గరి కాయో శాంటియాగో దీవిలో ఉంది. 2017లో మరియా తుపాను ఆ దీవిలోని చెట్లను ఊడ్చేసింది. మిగిలిన కాస్త నీడ కోసం కొట్టుకు చస్తాయనుకుంటే... జరిగింది వేరు. అవి ఒకదాన్నొకటి ఎక్కువగా ఓర్చుకున్నాయి. పాత స్నేహాలతో సరిపెట్టుకోకుండా కొత్తవారితోనూ కలిశాయి. ఈ సంగతి 2021లో ప్రచురితమైంది.

ఇప్పుడు రైతు మాటకొద్దాం. కోతుల బాధ పడలేక తెలంగాణలో చాలామంది పల్లీ, కూరగాయలు మానుకున్నారు. ఊళ్లవాళ్లు డబ్బులు పోగేసి పట్టేవాళ్లను పిలిపిస్తారు. బోనులో సగం గుంపు చిక్కుతుంది. తల్లి ఇటు, కూతురు అటు! చిక్కిన వాటిని ఇంకెక్కడో వదిలితే ఆ ఊరికి కొత్త తలనొప్పి. మిగిలినవి మళ్లీ పిల్లల్ని పెడతాయి. రీసస్‌లు దక్షిణాదికి ఇంతగా పాకడానికి ఇలా పట్టి వదలడమూ ఓ కారణమని పరిశోధకులు అంటున్నారు. కోతికి కుటుంబం ఉంటుందన్న సంగతి మరిస్తే మన డబ్బూ వృథా, దాని బతుకూ వృథా.

ఉన్నచోటే సంఖ్య తగ్గించడం మేలైన దారి. నిర్మల్ దగ్గర 2020 డిసెంబరులో ప్రారంభించిన కోతుల పునరావాస కేంద్రం ఉద్దేశమూ అదే... పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదలడం. కాకపోతే గుంపు మొత్తాన్నీ పట్టి, కలిపి వదిలితేనే ఆ బంధాలు నిలుస్తాయి. అడవుల్లో మేడి, నేరేడు లాంటి పండ్ల చెట్లు పెరగడం రెండో పని. మూడోది మన చేతుల్లోనే ఉంది. కారు ఆపి, పుణ్యమనుకుంటూ అరటిపళ్లు, బిస్కెట్లు విసరకపోవడం! రోడ్డు మీద తేరగా తిండి దొరికాక అవి అడవి ముఖం ఎందుకు చూస్తాయి? మనం బండెక్కి వెళ్లిపోతాం. ఆ అలవాటుకు కప్పం కట్టేది పక్క చేలోని రైతు.

టీ అయిపోయింది. గోడ మీద ఇప్పుడు వంతు మారింది. ఇందాక పడుకున్నది లేచి కూర్చుని, రెండోదాని వీపు చూస్తోంది.

‘‘వాటికున్న సోపతి మంచిదే సారూ. మరి నా పల్లికాయ?’’ అన్నాడు రైతు లేస్తూ.

మా డ్రైవరు చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ మెల్లగా జేబులోకి వెళ్లింది.