బలానికో సీసా

ఏ రోగంతో వెళ్లినా, డాక్టరు చీటీ రాయడం ముగించేలోపు మనవాళ్లు అడిగే మాట ఒకటుంది: ‘‘బలానికేమైనా రాయండి, డాక్టరుగారూ!’’ జ్వరానికి రాసిన మాత్రలు చాలవు. వాటి కింద ఒక టానిక్కో, పొడి డబ్బానో ఉంటేనే వైద్యం పూర్తయినట్టు. ఇందులో నవ్వుకోవలసిందేమీ లేదు. రోగం తగ్గడం వేరు, మనిషి తేరుకోవడం వేరు అని మన ఇళ్లలో అందరికీ తెలుసు. అయితే హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి విషయంలో ఈ అమాయకమైన కోరిక చుట్టూ పెద్ద వ్యాపారమే అల్లుకుంది. రోగనిరోధక శక్తిని పెంచుతామనే సీసాలు మందుల షాపులోనూ, బంధువుల చేతుల మీదుగా సాగే గొలుసుకట్టు అమ్మకాల్లోనూ, ఫోను తెరమీదా దొరుకుతున్నాయి. కొవిడ్ వచ్చి వెళ్లాక ‘ఇమ్యూనిటీ’ అన్నది కిరాణా కొట్టు సరుకైపోయింది.

ఈ సీసా అమ్ముడుపోయే చోటు ఏదో ముందు చూడాలి. హెచ్‌ఐవీ ప్రధానంగా దెబ్బతీసేది సీడీ4 అనే రోగనిరోధక కణాలను. ఆరోగ్యవంతుల్లో ఘనపు మిల్లీమీటరు రక్తానికి ఇవి సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. 200 కన్నా తగ్గితే టీబీ మొదలు రకరకాల జబ్బులు కాచుకుని ఉంటాయి. హెచ్‌ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టి క్రమం తప్పకుండా వేసుకుంటే కొద్ది నెలల్లోనే వైరస్ పరీక్షకు అందనంతగా అణగిపోతుంది. కణాలు మాత్రం అంత తొందరపడవు. మొదటి ఏడాదిలో 50 నుంచి 150 పెరిగితే మందు బాగా పనిచేస్తున్నట్టే లెక్క. ఆలస్యంగా చికిత్సకు వచ్చినవారిలో, వయసు మళ్లినవారిలో ఈ నడక మరీ నెమ్మది. వైరస్ పూర్తిగా అదుపులో ఉన్నా కొందరిలో ఆ అంకె 500 ఎప్పటికీ అందుకోదు. కొత్త కణాలను తయారుచేసే థైమస్ గ్రంథి వయసుతో కుంచించుకుపోతుంది. వైరస్ తొలిరోజుల్లోనే పేగు పొరల్లో చేసిన గాయం పూర్తిగా మానదు. ‘‘మందులు వేసుకుంటూనే ఉన్నాను, కౌంటు ఎందుకు పెరగడం లేదు?’’ అని రిపోర్టు చేతపట్టుకుని మథనపడే మనిషి దగ్గరకే సీసా నడిచి వస్తుంది.

పైగా ఆ అంకె నిలకడ లేనిది. పొద్దున తీసిన రక్తానికీ సాయంత్రం తీసిన రక్తానికీ తేడా వస్తుంది. చిన్న జలుబు చేసినా కిందికి జారుతుంది. ఈ ఊగిసలాట తెలియని వ్యక్తి పొడి డబ్బా కొన్నాక కౌంటు 60 పెరిగిందనుకోండి, మెప్పంతా పొడికే. తగ్గిందనుకోండి, ఇంకో డబ్బా వాడాలంటారు. రోజూ వేసుకునే మాత్రకు ఈ రెండు సందర్భాల్లోనూ పేరు రాదు.

అసలు అంకె పెరిగితే చాలా? వైద్యశాస్త్రం ఈ ప్రశ్నను చాలా ఖరీదైన పద్ధతిలో వేసుకుంది. ఇంటర్‌ల్యూకిన్-2 అనేది మన ఒంట్లోనే తయారయ్యే పదార్థం, రోగనిరోధక కణాలను వృద్ధి చేస్తుంది. ఏఆర్‌టీతోపాటు దీన్నీ ఇస్తే ఏమవుతుందో తేల్చడానికి రెండు పెద్ద అంతర్జాతీయ పరిశోధనలు జరిగాయి. రెండింటిలో కలిపి ఐదున్నర వేల మందికి పైగా పాల్గొన్నారు. ఫలితాలు 2009లో వచ్చాయి. సీడీ4 కణాలు పెరిగాయి, అందులో సందేహం లేదు. కానీ జబ్బులు తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. రిపోర్టులో బలం కనిపించింది, ఒంట్లో కనిపించలేదు. డబ్బా మీద ‘కౌంటు పెంచుతుంది’ అని రాసి ఉంటే, అది నిజమే అనుకున్నా, అడగాల్సిన రెండో ప్రశ్న మిగిలే ఉంటుంది. ఏళ్ల తరబడి సాగిన ఇలాంటి పరిశోధనల జోలికే పోని పొడులు ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవని నమ్మడం కష్టం.

విటమిన్ల కథ ఇంత సూటిగా ఉండదు. అందుకే దాని దగ్గర కాస్త ఆగాలి. టాంజానియా రాజధానిగా ఒకప్పుడున్న దారెస్సలాంలో, ఏఆర్‌టీ మందులు అక్కడి పేదలకు ఇంకా అందని కాలంలో, హెచ్‌ఐవీ ఉన్న 1,078 మంది గర్భిణులపై ఒక అధ్యయనం జరిగింది. బీ, సీ, ఈ విటమిన్లు కలిపిన మాత్రలు తీసుకున్నవారిలో జబ్బు ముదరడం నెమ్మదించిందని 2004లో ప్రకటించారు. వేరే మందే లేని చోట అది చిన్న ఊరట కాదు. విటమిన్ల అమ్మకందారులకు మాత్రం అది పండగ. కానీ అదే ఊళ్లో కథ అంతటితో ఆగలేదు. ఏఆర్‌టీ వచ్చాక, ఆ మందులు మొదలుపెడుతున్న 3,418 మందిలో కొందరికి మామూలు మోతాదులో, కొందరికి చాలా ఎక్కువ మోతాదులో విటమిన్లు ఇచ్చి చూశారు. ఎక్కువ మోతాదువల్ల అదనపు మేలేమీ కనిపించకపోగా, కాలేయం ఒత్తిడికి గురైనట్టు రక్తపరీక్షల్లో తేలింది. పరిశోధనను గడువుకు ముందే ఆపేశారు. విటమిన్ డి గురించీ అక్కడే వేలమందిపై చూశారు. మరణాలూ తగ్గలేదు, టీబీ రావడమూ తగ్గలేదు. మందు లేనప్పుడు కొంత ఆసరా అయినది, మందు దొరికాక మోతాదు పెంచితే మేలు చేయలేదు. అయినా మొదటి అధ్యయనమే ఇప్పటికీ ప్రకటనల్లో తిరుగుతుంది, రెండోది ఎక్కడా కనపడదు.

మందు స్థానంలోనే ఆహారాన్ని కూర్చోబెట్టిన దేశం ఏమైందో కూడా చూశాం. థాబో ఎంబెకీ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో దక్షిణాఫ్రికా ఆరోగ్య మంత్రి మాంటో షబలాలా-ఎంసిమాంగ్ వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయల మహిమను చాటుతూ ఏఆర్‌టీ మందులను శంకించారు. 2006లో టొరంటోలో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో ఆ దేశపు స్టాల్‌లో ఈ కూరగాయలే కొలువుదీరాయి. మథియాస్ రాత్ అనే విటమిన్ల వ్యాపారి కేప్‌టౌన్ శివారు ఖాయెలిత్షాలో పేదల మీద అనుమతి లేని ప్రయోగాలు చేశాడు. అవి చట్టవిరుద్ధమని 2008లో కోర్టు తేల్చింది. మందులు ఆలస్యం చేసినందువల్ల 2000 నుంచి 2005 మధ్య 3 లక్షల 30 వేలకు పైగా ప్రాణాలు పోయి ఉంటాయని హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. గండి పూడ్చకుండా చెరువులోకి బిందెలతో నీళ్లు పోస్తూ కూర్చున్నారు.

అదే వెల్లుల్లి క్యాప్సూల్ రూపంలో ఇంకో పని చేసింది. సాక్వినావిర్ అనే పాత హెచ్‌ఐవీ మందు రక్తంలో ఉండాల్సిన మోతాదును అది సగానికి సగం తగ్గించిందని అమెరికాలో కనిపెట్టారు. (చారు పోపులో వేసే నాలుగు రెబ్బలకు భయపడనక్కర్లేదు. క్యాప్సూల్ సంగతి వేరు.) సాక్వినావిర్ ఇప్పుడు మన ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎవరికీ ఇవ్వరు కాబట్టి ఆ భయం తీరిందనుకోవద్దు. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న టీఎల్‌డీ మాత్రలో డోలుటెగ్రావిర్ ఉంటుంది. క్యాల్షియం, ఐరన్ మాత్రలు, ఖనిజాలు కలిసిన మల్టీవిటమిన్లు ఖాళీ కడుపున దాంతో కలిస్తే మందును ఒంటికి పట్టనివ్వవు. వాటికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా టీఎల్‌డీ వేసుకోవాలి. భోజనంతో అయితే క్యాల్షియం, ఐరన్‌లను దాంతో కలిపి వేసుకోవచ్చు. గ్యాస్‌కు తాగే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్పులకు ఆ వెసులుబాటు కూడా లేదు, ఎడం పాటించి తీరాలి. నీరసమని తెచ్చుకున్న మాత్ర, అసలు మాత్రను మింగేస్తోందని ఆ మనిషికి ఎవరు చెప్పాలి? మందు వేసుకుంటున్నట్టు షాపువాడికి తెలియదు. పొడి వాడుతున్నట్టు డాక్టరుకు తెలియదు.

బలానికి ఇచ్చేవన్నీ దండగని మాత్రం అనుకోకూడదు. టీబీ రాకుండా ఇచ్చే ఐసోనియాజిడ్‌తో బీ6 విటమిన్ కచ్చితంగా ఇస్తారు, లేకపోతే కాళ్లు తిమ్మిర్లెక్కి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. రక్తం తక్కువని పరీక్షలో తేలిన తల్లికి ఐరన్ కావలసిందే. టీఎల్‌డీలోనే ఉండే టెనోఫోవిర్ ఎముకలను కొంత పలచబరుస్తుంది కనుక డి విటమిన్ లోపం ఉంటే సరిచేస్తారు. లోపం ఏమిటో తేలాక ఆ లోపానికి ఇచ్చేది వైద్యం. ఇక తిండి విషయానికొస్తే, హెచ్‌ఐవీ ఉన్న మనిషికి ఏ లక్షణాలూ లేకపోయినా మామూలుకన్నా పదో వంతు ఎక్కువ శక్తినిచ్చే ఆహారం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నడో చెప్పింది. అది కంచంలోంచి రావాలి. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు నెలల తరబడి బియ్యం, పప్పు, సూక్ష్మపోషకాల మాత్రలు ఇచ్చి చూశారు. ఆ ఇళ్లలో మిగతావారికి టీబీ రావడం 39 శాతం తగ్గినట్టు 2023లో లాన్సెట్ ప్రచురించింది. హెచ్‌ఐవీ ఉన్నవారిని ఎక్కువగా బలిగొనేది టీబీయే కనుక ఈ అంకె మనకు చాలా దగ్గరిది. జొన్నన్నం, కోడిగుడ్డు, ముద్దపప్పు, ఆకుకూర కొనుక్కోవాల్సిన డబ్బు నెలనెలా డబ్బాకు పోతోందంటే కంచం చిక్కిపోతోందన్నమాటే.

విచిత్రమేమంటే, ప్రాణం నిలిపే మాత్రకు మనదేశంలో పైసా ఖర్చు లేదు. 2001లో సిప్లా అధినేత యూసఫ్ హమీద్ మూడు మందుల కలయికను ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చే దాకా, ఆ చికిత్స ఏడాదికి పదివేల డాలర్లు పలికేది. 2004 ఏప్రిల్ 1న కేంద్రం ఎనిమిది ఆసుపత్రుల్లో ఉచితంగా మొదలుపెట్టింది. ఆఫ్రికా ఖండమంతా వాడుతున్న ఏఆర్‌టీ మాత్రల్లో మన హైదరాబాద్ కంపెనీలు తయారుచేసినవి కోకొల్లలు. అలాంటి మందు ఊరికే చేతిలో పడితే, ఊరికే వచ్చిందానిలో ఏముంటుందన్న చిన్న అనుమానం మనసులో మిగిలిపోతుంది. డబ్బు పెట్టి కొన్నదానిమీద ఆ అనుమానం రాదు. సర్కారు బడి మీదా, సర్కారు దవాఖానా మీదా మనకున్న చిన్నచూపే ఇక్కడా పనిచేస్తోంది.

సీసా కొనడానికి ఈ చిన్నచూపు ఒక కారణమైతే, రెండో కారణం దాపరికం. దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు సుమారు 25 లక్షలు. సంఖ్యలో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ముందుంటాయి. జనాభాతో పోల్చి చూస్తే తెలంగాణ కూడా జాతీయ సగటు కన్నా పైనే ఉంది. అయినా పక్క ఊళ్లో తెలిసినవాళ్లు చూస్తారని దూరపు కేంద్రానికి బస్సెక్కి వెళ్లి మందులు తెచ్చుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. వివక్ష చూపకూడదని, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. చట్టం ఊరి నోటికి తాళం వేయలేదు. మందు సీసాను అటక మీద దాచుకోవాల్సి వచ్చే మనిషి, బలం పొడిని మాత్రం అందరిముందూ కలుపుకొని తాగగలడు. ఆ స్వేచ్ఛకే అతను డబ్బు చెల్లిస్తున్నాడేమో అనిపిస్తుంది. అందుకని కొనేవారిని వెక్కిరించడం మాకు న్యాయంగా తోచదు.

అమ్మేవారి సంగతి అలా కాదు. ఎయిడ్స్‌ను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్-జె నిషేధించింది. ఆ జాబితాలో మొట్టమొదటి పేరు ఎయిడ్స్‌దే. హెల్త్ సప్లిమెంట్లన్నవి చట్టం దృష్టిలో ఆహారం మాత్రమే. మందుగా వాడరాదన్న హెచ్చరికను డబ్బా మీద ముద్రించి తీరాలి. ముద్రిస్తున్నారు కూడా, ఇంగ్లీషులో, భూతద్దం పెడితే కనిపించేంత అక్షరాల్లో. ఆ హెచ్చరికను తెలుగులో, డబ్బా పేరున్నంత పెద్దగా వేయించే పని రెండు తెలుగు రాష్ట్రాల ఆహార భద్రత, ఔషధ నియంత్రణ అధికారులు తలచుకుంటే మొదలుపెట్టవచ్చు.

ఇది చదువుతున్నవారిలో ఏఆర్‌టీ వాడుతున్నవారుంటే, లేదా మీ ఇంట్లో ఒకరుంటే ఒక్క మనవి. ఈసారి కేంద్రానికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న టానిక్కులు, పొడులు, గ్యాస్ సిరప్పులు, ఆకుమందులు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి ఫార్మసిస్టు ముందు పెట్టండి. ఏది ఉంచుకోవాలో, ఏది ఏ వేళకు వేసుకోవాలో, ఏది పారేయాలో అడగండి. వెళ్లడానికి వీలుపడకపోతే 1097కు ఫోన్ చేయండి. ఆ కాల్‌కు డబ్బులు పడవు.