రసికతయా? అహంకారమా?

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి అని పెద్దలు ఊరక అనలేదు. రుచులు వేరగుట దోషము కాదు. తన రుచి ఎదుటివానికి లేదని వానిని చిన్నచూపు చూచుట మాత్రము దోషమే. ఈ దోషము సంగీతప్రియులలో, అందును గజల్ ప్రియులలో, అధికముగా కనిపించుచున్నది. ఉర్దూ, తెలుగు పక్కపక్కన కూర్చుండి చదువుకొను మన కళాశాలలో ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట అవసరమని మేము తలచినాము.

మేమెరిగిన ఒక సభలో తెలుగు మాధ్యమమున చదివిన విద్యార్థి ఒకడు జగ్జీత్ సింగ్ పాడిన గజల్ ఒకటి పాడినాడు. గొంతు బాగున్నది, శ్రుతి తప్పలేదు. కంఠము లోపలి నుండి పలుకవలసిన కొన్ని ఉర్దూ అక్షరములు మాత్రము అతనికి లొంగలేదు. ముందు వరుసలో కూర్చున్న ఉర్దూ తెలిసినవారు ముసిముసిగా నవ్వినారు. "ఇది గజలా, సినిమా పాటా?" అని ఒకరు వినబడునట్లే అన్నారు. ఆ పిల్లవాడు రెండవ గజల్ పాడకుండానే దిగిపోయినాడు. మరల అతడు వేదిక ఎక్కగా మేము చూడలేదు. ఆ నవ్వు వలన గజలుకు కలిగిన లాభమేమి? ఒక మంచి గొంతు పోయినది, అంతే.

గజల్ ప్రియులలో రెండు పక్షములు కలవు. మొదటి పక్షమువారికి బేగం అఖ్తర్, మెహదీ హసన్ తప్ప వేరు గాయకులు లేరు. 1976లో జగ్జీత్ సింగ్, చిత్రా సింగ్‌ల 'ది అన్‌ఫర్‌గెటబుల్స్' రికార్డు వెలువడి, గజలులో గిటారు వినబడగానే వారి దృష్టిలో గజల్ మరణించినది. ఆ తరువాత పంకజ్ ఉధాస్ క్యాసెట్లు వీధివీధిన మ్రోగుటతో దాని జనాజా కూడ లేచినది! రెండవ పక్షమువారు పాతవారి ఆలాపన వినగానే ఆవులింతురు. అర్థము తెలియని షేరుకు "వాహ్వా" అందురు. నిఘంటువు తెరువుమన్నచో ముసలి మాటలని నవ్వుదురు. మొదటివారిది తెలిసినదను గర్వము. రెండవవారిది తెలియనవసరము లేదను గర్వము. రెండును గర్వములే.

చరిత్ర ఈ గర్వములను సమర్థించదు. ఏ బేగం అఖ్తర్ పేరు చెప్పి సినిమా పాటను ఈసడించుచున్నారో, ఆమెయే 1942లో వచ్చిన 'రోటీ' సినిమాలో నటించినది. మెహదీ హసన్ పాకిస్తాన్ సినిమాలకు పాడిన పాటలు కొల్లలు. 1954లో సోహ్రాబ్ మోదీ తీసిన 'మీర్జా గాలిబ్' సినిమాలో సురయ్యా, తలత్ మహమూద్ గొంతులు, 1988లో దూరదర్శన్‌లో వచ్చిన గుల్జార్ ధారావాహికలో జగ్జీత్, చిత్రల గొంతులు, ఉర్దూ లిపి రాని లక్షలాది ఇండ్లకు గాలిబును చేర్చినవి.

కవుల విషయమున కూడ ఇట్లే జరిగినది. 1830లో మరణించిన నజీర్ అక్బరాబాదీ రొట్టెను గూర్చి, పండుగలను గూర్చి, బజారు జనుల పలుకుబడిలో వ్రాసినారు. గాలిబు మిత్రుడును, రసజ్ఞుడునైన నవాబు షేఫ్తా తన కవుల చరిత్రలో ఆయనను మంచి కవుల లెక్కలోనికి రానీయలేదు. నేడు నజీర్ కవితలు ఉర్దూ పాఠ్యగ్రంథములలో నున్నవి.

ఇక దక్కను ఉచ్చారణను చూచి నవ్వువారు వలీ దక్కనీని తలచుకొనవలెను. 1720 ప్రాంతమున ఆయన దీవాన్ ఢిల్లీకి చేరిన పిమ్మటనే పారసీ మోజులో నుండిన అచ్చటి కవులు ఈ భాషలో గజళ్ళు వ్రాయ నుత్సాహపడినారు. తెలుగువారికిని గజల్ పరాయి సొత్తు కాదు. దాశరథి 'గాలిబ్ గీతాలు' పేర గాలిబును తెలుగు చేసినారు. సి. నారాయణరెడ్డి తెలుగులోనే గజళ్ళు వ్రాసినారు. ఇరువురును సినిమా పాటలు వ్రాసినవారే. అందుచేత వారి కవిత్వమునకు మైల అంటలేదు.

అయినను మొదటి పక్షమువారి ఫిర్యాదులో నిజము లేకపోలేదు. సులువైన షేర్లనే ఏరి పాడుట వలన లోతైన భావములు వెనుకబడినవి. కాఫియా, రదీఫ్ అననేమో తెలియక ప్రతి విషాదగీతమును గజలనుట పొరపాటు. తప్పును తప్పనవలసినదే. కాని తప్పు దిద్దుట వేరు, మనిషిని చూచి నవ్వుట వేరు. ఉర్దూ కవిత్వమున ఉస్తాదు శిష్యుని షేరును దిద్దుటకు 'ఇస్లాహ్' అని పేరు. అది ప్రేమతో చేయు పని. పరిహాసమునకు ఆ సంప్రదాయములో చోటు లేదు.

మేమును ఈ దోషమునకు అతీతులము కాము. విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదువునాడు మెహదీ హసన్ పేరు చెప్పి హాస్టలులో తోటివారిని చిన్నబుచ్చినవారమే. కొన్నాళ్ళకు మా గదిలో గజల్ వినుటకు మేము తప్ప ఎవరును మిగులలేదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి యొక్కటే. రాబోవు వార్షికోత్సవమున ముషాయిరా ఒకనాడు, తెలుగు పాటల పోటీ వేరొకనాడు అని విడదీయక, ఒక సాయంకాలము గజలుకు కేటాయించవలెను. ఉర్దూ విద్యార్థి షేరు చదివి అర్థము చెప్పును. తెలుగు విద్యార్థి దానిని తెలుగులో వినిపించును. పాడదలచినవారు హార్మోనియముతోనైనను, గిటారుతోనైనను పాడుదురు. ఉచ్చారణ తప్పినచో మరునాడు తరగతి గదిలో ఉర్దూ అధ్యాపకులు ఇస్లాహ్ చేయుదురు.

విద్యార్థులకును ఒక మాట. మీకు నచ్చిన గాయకుని మనసారా మెచ్చుకొనుడు. నచ్చనివానిని ఎందుకు నచ్చలేదో కారణము చెప్పుడు. పాడుచున్నవానిని చూచి మాత్రము నవ్వవలదు. ఆనాడు వేదిక దిగిపోయిన ఆ పిల్లవాని వంటివాడు మన కళాశాలలో మరొకడు ఉండరాదు.