మోసినవాడు లోపల, మోయించినవాడు బయట

గంజాయి కేసులో ఎవరికైనా బెయిలు వచ్చిందన్న వార్త పడితే చాలు, "ఇలా వదిలేస్తుంటే ఇంకెక్కడ తగ్గుతుంది?" అంటూ ఒకటే గోల. టీవీ చర్చల్లో రిటైరైన పోలీసు అధికారులు అంటారు. అధికార పక్షం అంటుంది, ప్రతిపక్షం ఇంకో మెట్టు పైకెక్కి మరీ అంటుంది. ఆ కేసు వాదించిన లాయరును కూడా పనిలో పనిగా నాలుగు మాటలనడం ఆనవాయితీ. పట్టుకోవాలి, లోపలెయ్యాలి, బెయిలు రాకుండా చూడాలి, ఆ ఇంటికి పథకాలు కూడా ఆపాలి. తెలుగు రాష్ట్రాల్లో పార్టీలన్నీ ఏకాభిప్రాయానికి వచ్చిన అరుదైన విషయాల్లో ఇదొకటి. ఈ ఏకాభిప్రాయం తప్పుదారిలో ఉందని నేనంటాను. గంజాయి మంచిదని వాదించడానికి కాదు ఈ వ్యాసం. జైలు ఎవరితో నిండుతోందో చూడమని అడగడానికి.

అడవివరంలో ఉన్న విశాఖ కేంద్ర కారాగారాన్ని తీసుకోండి. తొమ్మిది వందల పైచిలుకు మందికి కట్టిన జైలది. దాదాపు రెట్టింపు మందిని అందులో సర్దుతున్నారనీ, వాళ్ళలో పెద్ద వాటా గంజాయి కేసులవాళ్ళేననీ పత్రికలు ఏళ్ళుగా రాస్తూనే ఉన్నాయి. వాళ్ళెవరు? చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల గిరిజనులు. సరిహద్దు అవతల ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి వైపు నుంచి మూట మోసుకొచ్చినవాళ్ళు. తమిళనాడు నుంచో కేరళ నుంచో వచ్చి, సంచీ రైలెక్కిస్తే కొన్ని వేలు ఇస్తామంటే ఒప్పుకున్న కుర్రాళ్ళు. అద్దె కారు డ్రైవర్లు. పంటకు ముందే అడ్వాన్సు ఇచ్చేవాడు, సరుకుకు ముందు పైలట్ బండి పంపేవాడు, చెన్నైలోనో ముంబైలోనో కూర్చుని ధర కట్టేవాడు ఈ లెక్కలో ఎక్కడున్నారు? ఎఫ్ఐఆర్‌లో చాలాసార్లు వాళ్ళకు పేరు కూడా ఉండదు. "పరారీలో ఉన్న మరో వ్యక్తి" అని ఒక వాక్యం ఉంటుంది. చార్జిషీటు దాకా ఆ వాక్యం అలాగే ప్రయాణిస్తుంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. మాదకద్రవ్యాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టానికి 2001లో చేసిన సవరణతో శిక్షను బరువుతో ముడిపెట్టారు. గంజాయికి కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. 19 కిలోలతో దొరికినవాడికి గరిష్ఠంగా పదేళ్ళు పడొచ్చు గానీ కనీస శిక్షంటూ లేదు, జడ్జి మనిషిని చూసి తూచగలడు. 21 కిలోలతో దొరికినవాడికి కనీసం పదేళ్ళు, గరిష్ఠంగా ఇరవై. జడ్జికి జాలి కలిగినా పదేళ్ళకు ఒక్కరోజు తగ్గించే వీలు లేదు. శిక్ష పడ్డాక రెమిషన్ (శిక్షాకాలంలో తగ్గింపు) కూడా ఉండదు, సెక్షన్ 32ఎ దాన్ని మూసేసింది. ఆ రెండు కిలోలు ఎక్కించింది ఎవరు? సంచీలో ఎంతుందో మోసేవాడికి తెలియదు. కట్టినవాడికి తెలుసు.

ఆ బరువులోనూ పేచీ ఉంది. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉండే కొసలు. ఆ కొసలు లేకుండా ఉత్తి ఆకులూ గింజలూ ఉంటే అది గంజాయి కిందికి రాదు. అందుకే వారణాసిలో, జైసల్మేరులో ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తున్నాయి. మన రోడ్ల మీద పట్టుబడిన మూటను మాత్రం ఆకు, కాడ, గింజ, మట్టితో సహా కాటా వేస్తారు. వేరుచేసి తూచితే ఇరవై దాటుతుందా అని లాయరు అడిగితే, లొసుగులు పట్టుకుని వేలాడుతున్నాడంటారు. ఒక మనిషి పదేళ్ళ జీవితం ఆ కాటా మీద ఉన్నప్పుడు కాటా సరిగ్గా ఉందా అని అడగడం లొసుగెలా అవుతుందో నాకు అర్థం కాదు.

బెయిలు సంగతికొద్దాం. బెయిళ్ళు తేలిగ్గా దొరుకుతున్నాయన్నది అచ్చమైన అపోహ. 1989 సవరణతో కొత్త రూపం తీసుకున్న సెక్షన్ 37 ప్రకారం, వాణిజ్య పరిమాణం కేసులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) బెయిలును వ్యతిరేకిస్తే జడ్జి రెండు విషయాలు నమ్మాలి. ఒకటి, ముద్దాయి నేరం చెయ్యలేదనడానికి సహేతుకమైన ఆధారాలున్నాయని. రెండు, బయటికి వెళ్ళి మళ్ళీ ఏ నేరమూ చెయ్యడని. అంటే విచారణ మొదలుకాకముందే నిర్దోషినని ఇంచుమించు రుజువు చేసుకోవాలి. చార్జిషీటుకు మామూలు కేసుల్లో అరవై, తొంభై రోజులైతే ఇక్కడ నూట ఎనభై. పీపీ అడిగితే ఏడాది దాకా పొడిగించొచ్చు. ఆపైన సెక్షన్ 35, 54 ఉన్నాయి. సరుకు నీ దగ్గర దొరికింది కాబట్టి తెలిసే పెట్టుకున్నావని కోర్టు ముందే అనుకుంటుంది, కాదని నువ్వే రుజువు చెయ్యాలి. హత్య కేసులో కూడా ముద్దాయి నెత్తిన ఇంత బరువు లేదు.

కొత్తగా వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత గొప్ప ఊరట ఇచ్చిందని చెబుతున్నారు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే బెయిలుకు అర్హుడని సెక్షన్ 479 అంటుంది. ఇరవై ఏళ్ళలో మూడో వంతు ఎంతో లెక్కవేయండి. ఆరేళ్ళ ఎనిమిది నెలలు.

ఈలోగా విచారణ ఎలా నడుస్తుందో కోర్టు వరండాల్లో తిరిగినవాళ్ళందరికీ తెలుసు. పట్టుకున్నప్పుడు రాసిన మధ్యవర్తుల నివేదిక మీద సంతకం చేసినవారు ఎక్కువగా వీఆర్వోలే. వాళ్ళకు బదిలీ అవుతుంది. పట్టుకున్న ఎస్సైకి బదిలీ అవుతుంది. సమన్లు తిరిగొస్తాయి. ముద్దాయిని తీసుకురావడానికి ఎస్కార్టు లేదంటారు, వాయిదా. ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు రాలేదంటారు, వాయిదా. ఒడియా, కువి తప్ప మరో భాష రానివాడికి కోర్టులో ఏం జరుగుతోందో చెప్పే మనిషి లేకపోయినా వాయిదా మాత్రం పడుతుంది.

2023 మార్చిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఢిల్లీ కేసు ఇలాంటిదే. 180 కిలోల గంజాయి దొరికింది వేరేవాళ్ళ దగ్గర. వాళ్ళు పేరు చెప్పారని ఇరవైమూడేళ్ళ కుర్రాణ్ణి పట్టుకెళ్ళారు. ఏడేళ్ళు దాటినా విచారణ పూర్తికాలేదు. జస్టిస్ రవీంద్ర భట్ రాసిన ఆ తీర్పు, విచారణ అకారణంగా ఆలస్యమవుతున్నప్పుడు సెక్షన్ 37 బెయిలుకు అడ్డం కాదని తేల్చింది. కొత్త మాటేమీ కాదది. 1994లోనే అదే కోర్టు, ఇలాంటి కేసుల్లో ఐదేళ్ళు లోపలున్న విచారణ ఖైదీని బెయిలుపై పంపమంది. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ చెప్పాల్సి వచ్చిందంటే కింద ఏం జరుగుతోందో ఊహించుకోవచ్చు.

పక్కన 2021 అక్టోబరు నాటి షారుఖ్ ఖాన్ కొడుకు మాదకద్రవ్యాల కేసు పెట్టి చూడండి. దేశంలో పేరున్న సీనియర్ న్యాయవాదులు వాదించారు, నెల తిరగకుండా బెయిలు వచ్చింది, మరుసటి మే నెలలో ఆధారాల్లేవని దర్యాప్తు సంస్థే తప్పించింది. అతనికి న్యాయమే జరిగింది, అందులో నాకు ఫిర్యాదు లేదు. అదే న్యాయం పెదబయలు కుర్రాడికి ఎన్నేళ్ళకు అందుతుందన్నదే ప్రశ్న.

ఇక్కడే డిఫెన్సు లాయరు గురించి నాలుగు మాటలు చెప్పాలి. సోదా గెజిటెడ్ అధికారి ముందు జరిగిందా, నమూనాలు మేజిస్ట్రేటు సమక్షంలో తీశారా, సీలు ఎవరి దగ్గరుంది అని అతను అడిగితే "టెక్నికల్ గ్రౌండ్స్ మీద తప్పించేస్తాడు" అంటారు. అసలు సెక్షన్ 50 సోదా నియమం ఒంటిమీద సోదాకే వర్తిస్తుంది, సంచీకి వర్తించదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పేసింది. మన కేసుల్లో ఎక్కువ భాగం సంచీలూ కారు డిక్కీలే కాబట్టి ఆ 'టెక్నికల్' దారి చాలామందికి ఎప్పుడో మూసుకుపోయింది. మిగిలిన నియమాలు లాంఛనాలు కావు. ఈ మూట ఈ మనిషిదే, పరీక్షకు వెళ్ళిన ముక్క ఈ మూటలోదే అని చెప్పడానికి కోర్టు దగ్గర అవి తప్ప వేరే ఏమీ లేవు. శిక్ష ఎంత పెద్దదైతే జాగ్రత్త అంత ఎక్కువుండాలని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2020 నాటి తూఫాన్ సింగ్ తీర్పు అధికారుల ముందిచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలంతో శిక్ష వెయ్యరాదంది. అయినా ఏ1 చెప్పాడని ఏ2, ఏ2 చెప్పాడని ఏ3 అంటూ పేర్లు చేర్చడం ఆగలేదు. ఇలాంటి కేసులు వాదించొద్దని తీర్మానాలు చేసే బార్ అసోసియేషన్లకు, అలాంటి తీర్మానం చెల్లదని సుప్రీంకోర్టు 2010లో చెప్పిందని గుర్తుచెయ్యాలి.

బెయిలు వచ్చినా కథ అయిపోదు. ఇద్దరు జామీనుదార్లు కావాలి, వాళ్ళకు ఆస్తి పత్రాలుండాలి. పోడు భూమి కాగితం కూడా సరిగా లేని కుటుంబం ఆ ఇద్దరినీ ఎక్కణ్ణించి తెస్తుంది? ఇలాంటివాళ్ళ కోసమే కేంద్రం 2023లో పేద ఖైదీల సాయ పథకం పెట్టింది. జామీను సొమ్ము ప్రభుత్వమే కడుతుందట. మార్గదర్శకాలు చదివితే మనీలాండరింగ్, అవినీతి, ఉపా కేసులతో పాటు ఎన్‌డీపీఎస్ ముద్దాయిలకు కూడా ఆ సాయం వర్తించదని ఉంటుంది. విశాఖ జైల్లో ఈ పథకం ఎవరికి అవసరమో వాళ్ళనే గడప బయట నిలబెట్టారన్నమాట.

ఇంత చేస్తే గంజాయి తగ్గిందా అంటే, ఆంధ్ర వైపు సాగు తగ్గిన మాట నిజమేనని ఒప్పుకుంటాను. 2021 చివర 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల పంట కొట్టేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. డ్రోన్లు వచ్చాయి, 2024 నవంబరులో మాదకద్రవ్యాల కట్టడికి ఈగల్ దళం వచ్చింది. కాఫీ, మిరియం, పసుపు వైపు రైతును మళ్ళించే ప్రయత్నమూ జరిగింది. తగ్గుదల వచ్చింది పొలంలో. ఆ ఘనతను జైలు ఖాతాలో వెయ్యడం సరికాదు. ఒక కొరియర్ లోపలికెళ్తే మర్నాటికి మరొకడు దొరుకుతాడు, ఎందుకంటే ఆ పనికి కావలసిన అర్హత అవసరం ఒక్కటే. పైగా పందొమ్మిదేళ్ళకు మొదటిసారి మూట మోసినవాణ్ణి మూడేళ్ళు కిక్కిరిసిన బ్యారక్‌లో పడుకోబెడితే, ఇదే వ్యాపారంలో ఆరితేరినవాళ్ళ పరిచయాలతో బయటికొస్తాడు.

ప్రపంచం వైపు ఒకసారి చూడాలి, అయితే అక్కడ జరిగిందంతా మనకు పాఠమనుకోనక్కర్లేదు. కెనడా 2018లో, జర్మనీ 2024లో చట్టం మార్చాయి. థాయ్‌లాండ్ 2022లో తలుపులు బార్లా తెరిచి, మూడేళ్ళకే వైద్యానికి మాత్రమేనంటూ వెనక్కి లాక్కుంది. తొందరపాటు అలాగే ఉంటుంది. నన్ను ఆకట్టుకున్నది కాలిఫోర్నియా. అక్కడి జైళ్ళు సామర్థ్యానికి రెట్టింపు నిండితే, అది రాజ్యాంగం నిషేధించిన క్రూరత్వమని అమెరికా సుప్రీంకోర్టు 2011లో తేల్చి, ఖైదీల సంఖ్యను 137.5 శాతానికి దించమంది. 2016లో గంజాయిని చట్టబద్ధం చేసినప్పుడు, పాత శిక్షలు తగ్గించుకునే, రికార్డు చెరిపించుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే రాశారు.

భారతదేశం ఏం చేసింది? 2020 డిసెంబరులో వియన్నాలోని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్‌లో గంజాయిని అత్యంత ప్రమాదకరమైన పదార్థాల జాబితా నుంచి తీసేయాలన్న తీర్మానానికి 27 ఓట్లు పడితే, అందులో ఒకటి మనది. వియన్నాలో చెయ్యెత్తిన దేశం విశాఖలో సెక్షన్ 37ను అక్షరం కదలనివ్వలేదు. సామాజిక న్యాయ శాఖ 2019 సర్వే ప్రకారం దేశంలో భంగుతో కలిపి గంజాయి జాతి పదార్థాలు వాడేవాళ్ళు సుమారు మూడు కోట్లు, మద్యం తాగేవాళ్ళు పదహారు కోట్లు. ఆ పదహారు కోట్లకు చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వాలే ధర కట్టి సీసా అమ్మిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో తక్కువ ధరకు మద్యం ఎన్నికల హామీగా కూడా పనికొచ్చింది.

కొడుకు గదిలో గంజాయి పొట్లం దొరికిన తల్లి భయం నాకు అర్థమవుతుంది. చిన్న వయసులో మొదలెడితే మెదడుకు హాని, కొందరికి మతిభ్రమణం, అవి నిజాలు. కానీ ఆ తల్లికి కావలసింది డీ-అడిక్షన్ కేంద్రంలో మంచం, రిమాండు రిపోర్టు కాదు. చికిత్సకు స్వచ్ఛందంగా వచ్చినవాణ్ణి ప్రాసిక్యూషన్ నుంచి తప్పించే సెక్షన్ 64ఎ అదే చట్టంలో ఉంది. దాని గురించి ఏ పోలీసు స్టేషను గోడ మీదా బోర్డు చూడలేదు.

దేశం మొత్తం మీద 2022 చివరికి జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. వీళ్ళలో గంజాయి కేసులవాళ్ళ కోసం, చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. వాణిజ్య పరిమాణం కేసుల్లో ఏళ్ళ తరబడి మగ్గుతున్నవాళ్ళ జాబితాను జిల్లా న్యాయసేవాధికార సంస్థలు తయారుచేసి, 2023 తీర్పు జతచేసి, ఒక్కొక్కరి తరఫునా బెయిలు పిటిషను వెయ్యొచ్చు. పరారీలో ఉన్నట్టు రాసిన ఆ "మరో వ్యక్తి"ని ఎన్ని కేసుల్లో పట్టుకున్నారో ఈగల్ ఏటా లెక్క చెప్పాలి. ఎంత సరుకు తగలబెట్టారో ఘనంగా చెబుతున్నారు కాబట్టి ఇదీ చెప్పగలరు. కేంద్రం పేద ఖైదీల పథకం మార్గదర్శకాల్లోంచి ఎన్‌డీపీఎస్ అన్న ఆ ఒక్క మాట కొట్టెయ్యాలి. దానికి పార్లమెంటు కూడా అక్కర్లేదు, హోం శాఖ సర్క్యులర్ ఒకటి చాలు.