భీమిలి ఫ్లాటులో మిగిలిన 2,500

"హోటలైతే రెండు రూములు తీసుకోవాలి, రోజుకి 6,000. ఈ ఫ్లాటైతే 3,500. పైగా వంటగది కూడా ఉంది" అన్నారు మావారు ఫోను నా ముందు పెట్టి. ఆ "పైగా" దగ్గరే నేను ఆగాల్సింది. ఆగలేదు. ఫొటోలో బాల్కనీ, దాని అవతల నీలంగా సముద్రం కనిపిస్తుంటే ఎవరాగుతారు చెప్పండి!

దసరా సెలవులకి భీమిలి వెళ్లాం. మావారు, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, నేను. అత్తయ్యగారికి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. ఉప్పూకారం తక్కువ ఉండాలి, అన్నం మెత్తగా ఉండాలి. క్రితంసారి అరకు వెళ్లినప్పుడు హోటలు తిండి పడదని ఆవిడ ఇంట్లోనే ఉండిపోయారు. మేం తిరిగొచ్చాక పిల్లలు ఫొటోలు చూపిస్తుంటే కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ రెండుసార్లు చూశారు. అందుకని వంటగది ఉన్న ఇల్లు మాకు అవసరమే, అది కాదనను. ఆ వంటగదిలో ఎవరుంటారన్న మాట మాత్రం బుక్ చేసేటప్పుడు ఎవరమూ అనుకోలేదు. అనుకోవాల్సిన విషయమని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకు కూడా.

తట్టలేదనడానికి నా బ్యాగే సాక్ష్యం. పోపుల డబ్బా, కందిపప్పు, చింతపండు, మూడు లీటర్ల కుక్కరు, కాఫీ ఫిల్టరు, గోంగూర పచ్చడి, నెయ్యి సీసా. వాటి మధ్య ఎక్కడో నాలుగు చీరలు. మావారి బ్యాగులో బట్టలూ ఒక పుస్తకమూ. విశాఖలో రైలు దిగి కారు ఎక్కేటప్పుడు "ఏముందే ఇందులో, ఇంత బరువు!" అన్నారు. మీ భోజనమే అన్నాను. నవ్వేశారు. నేనూ నవ్వాను.

విశాఖ నుంచి భీమిలి దారి గురించి చెప్పకుండా ఉండలేను. పాతిక కిలోమీటర్ల పైన, కుడివైపు సముద్రం వదలకుండా వస్తూనే ఉంటుంది. మధ్యలో ఎర్రమట్టి దిబ్బలు. వానకి కోసుకుపోయి గోడల్లా నిలబడ్డ ఆ ఎర్రటి ఇసుకని చూసి మా చిన్నది కారు ఆపమని గొడవ. అత్తయ్యగారు కూడా దిగారు. అంతవరకూ అంతా పండగే.

ఫ్లాటు మూడో అంతస్తు. ఫొటోలో చూపించిన బాల్కనీ నిజంగానే ఉంది. వంటగదిలో ఒంటి పొయ్యి, మొండి కత్తి, మూత సరిపోని రెండు గిన్నెలు. దిగిన గంటలో కాఫీ, ఉప్మా. తర్వాత పప్పు, చారు, బెండకాయ వేపుడు. ఒంటి పొయ్యి మీద ఐదుగురికి వంటంటే ఒకటి దింపితేగానీ ఇంకోటి ఎక్కదు కదా. గిన్నెలు కడిగేసరికి మూడైంది. సాయంత్రం అందరం బీచికి వెళ్లాం. ముప్పావుగంట గడిచిందో లేదో "అమ్మకి మాత్రల వేళవుతోంది, ఎనిమిదిలోపు తినాలి" అన్నారు మావారు. నేను ముందు లేచాను. వాళ్లు చీకటి పడ్డాక వచ్చారు, కాళ్లనిండా ఇసుకతో. ఆ ఇసుక ఊడ్చింది కూడా నేనే.

ఆ రాత్రి పడుకుని లెక్క వేశాను. రోజుకి 2,500 మిగులుతోంది, మూడు రోజులకి 7,500. ఈ మిగులు ఎక్కడి నుంచి వస్తోంది? హోటల్లో వంటవాడికీ, వడ్డించేవాడికీ, పక్క సర్దే అమ్మాయికీ పోయే డబ్బు ఇక్కడ పోవడం లేదు. పోవడం లేదంటే ఆ పని జరగడం లేదని కాదు కదా! జరుగుతోంది, చేసే మనిషి మారింది. ఆదా చేశామని మావారు గర్వంగా చెప్పుకునే ఆ డబ్బులో నా చేతి పని ఎంతో ఎవరి ఊహకీ రాలేదు. ఇంటి దగ్గర ఇదే పని ఏళ్లుగా చేస్తున్నా నాకెప్పుడూ ఇలా లెక్క రాలేదు. పక్కన హోటలు బిల్లు పెట్టి చూస్తేనే వచ్చింది.

మర్నాడు అయిదున్నరకి లేచి, కాఫీ పెట్టకుండా చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను. ఇంత చిన్న పనికి గుండె ఎంత కొట్టుకుందో చెబితే మీరు నవ్వుతారు.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుకి నడిచాను. ఎక్కడో అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి జలాశయంలో ఆగి, చివరికి ఇక్కడికి వస్తుంది. నేను వెళ్లేసరికి పోటు మీదుంది. సముద్రం నీళ్లే ఏట్లోకి ఎదురెక్కుతున్నాయి. తర్వాత మెల్లగా ఆ ఎక్కడం ఆగింది, ఇంకాసేపటికి ఏరు మళ్లీ తన దారిన సముద్రం వైపు కదిలింది. పొయ్యి మీద పాలు పెట్టుకుని ఇది చూడలేం. ఒక గంట ఖాళీగా కూర్చోగలిగినవాళ్లకే కనిపిస్తుంది.

పడవలొచ్చాయి. ఒడ్డున ఆడవాళ్లు గంపలతో సిద్ధంగా ఉన్నారు. కానాగంతలు, నెత్తళ్లు, కొంచెం రొయ్యలు. బేరాలు, కేకలు, వేలెడు చేప కోసం కూడా పోట్లాట. వాళ్లని చూస్తూ నా బాధని బాధ అనడానికి సిగ్గేసింది. కానీ ఇంకో సంగతీ కనిపించింది. గంప ఖాళీ అయ్యేసరికి ఆవిడ కొంగు ముడిలో ఎంతుందో ఆవిడకి తెలుసు.

ఏడున్నరకి తిరిగొచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఫిల్టరులో పొడి ఎంత వేయాలో తెలియక మావారు పాలల్లోనే కాఫీపొడి కాచేశారు. పిల్లలు బిస్కెట్లు తింటున్నారు. అత్తయ్యగారు నా వైపు చూడకుండా "నేను రాకుండా ఉండాల్సిందమ్మా. నా పథ్యం వల్లే నీకిదంతా" అన్నారు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ మీద నాకు కోపమేమీ లేదు. అలాగని "అయ్యో, అదేం లేదత్తయ్యా" అని మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోతే మూడు రోజులూ అంతే. పక్కన కూర్చుని "మీరు రావాలనే ఈ ఇల్లు తీసుకున్నాం. మీ అన్నం మీ అబ్బాయి కూడా వండగలరు కదా" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ పది గంటలకి కుర్చీ వంటగది గుమ్మంలోకి జరిపించుకుని కూర్చుని, "ఒకటికి మూడు నీళ్లు పోయరా. చింతపండు పిసికి పిప్పి తియ్యి" అని కొడుక్కి చెప్పడం మొదలుపెట్టారు. చారులో ఉప్పు బొత్తిగా లేదు. ఆవిడకి సరిగ్గా సరిపోయింది. మాకు కూరలు బయట కర్రీ పాయింటు నుంచి వచ్చాయి. గిన్నెలు పిల్లలు కడిగారు, ఒక గ్లాసు పగిలింది. దానికి ఇంటాయన 100 పట్టుకున్నాడనుకోండి, అది వేరే కథ.

ఆ సాయంత్రం ఊరు చూశాం. చిన్న ఊరేగానీ పాత ఊరు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వర్తకానికి వచ్చి స్థిరపడ్డారు. 1825లో ఇంగ్లీషువాళ్ల చేతికెళ్లింది. 1861లోనే మున్సిపాలిటీ అయింది. డచ్చివాళ్ల సమాధుల దగ్గర అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని నడిచారు. ఆవిడ కోసం మెల్లగా నడవడం వల్ల నేనూ ప్రతి రాయీ ఆగి చూశాను. "ఎంత దూరం నుంచొచ్చారో పాపం, ఇక్కడేం తిన్నారో ఏమో" అన్నారు. ఆవిడ ధ్యాస ఆవిడది!

వంటగది ఉన్న ఇల్లు వద్దని నేననను. అది లేకపోతే మా అత్తయ్యగారికి ఆ దారీ లేదు, ఆ ఎర్రమట్టీ లేదు. నేననేది ఒకటే. అద్దె ఎంత, బీచికి ఎంత దూరం అని అడిగేటప్పుడే పొద్దున కాఫీ ఎవరిది, రాత్రి అన్నం ఎవరిది, గిన్నెలు ఎవరివి అని కూడా అడగాలి. అక్కడికి వెళ్లాక అడిగితే అది అలక కింద లెక్క. ముందే అడిగితే ఏర్పాటు. కాదూ, అన్నీ ఆవిడే చేస్తుంది అనుకుంటే సరే, మిగిలిన 7,500 ఆవిడ చేతిలో పెట్టండి. ఈ మాటకి మా చెల్లెలు "అబ్బ, మొగుడూ పెళ్లాల మధ్య లెక్కలేంటే" అంది. లెక్క మొదలుపెట్టింది నేను కాదు కదా, 6,000కీ 3,500కీ తేడా చూపించింది ఆయన!

వేసవికి యానాం వెళ్దామంటున్నారు మావారు. నిన్న రాత్రి ఒక ఫ్లాటు చూపించారు. గోదావరి కనిపిస్తుందట. రెండు పొయ్యిలున్నాయట. ఒక కాగితం తెచ్చి మూడు రోజులకీ గళ్లు గీసి, ప్రతి పూటకీ పక్కన ఖాళీ వదిలి, ఆయన పుస్తకంలో పెట్టాను. పొద్దున చూస్తే మొదటి రోజు కాఫీ పక్కన మాత్రం తన పేరు రాసుకున్నారు. మిగతా గళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఫ్లాటు బుక్ చేయొద్దని చెప్పాను, ప్రస్తుతానికి.