ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది?

మిరుగం వచ్చిందంటే మా యాలాల్ వైపు ఇళ్లలో రెండు పనులు ఒక్కసారే మీద పడతాయి. ఒకటి విత్తనం, రెండోది పిల్లల చదువు. మగవాళ్లు కంది, పత్తి విత్తనాలు, ఎరువు బస్తాలు తెచ్చి అరుగు మీద వేస్తారు. మనం తాండూరు వెళ్లి బ్యాగు, చెప్పులు, రెండు జతల డ్రెస్సులు, ఒక టిఫిన్ డబ్బా తెచ్చుకుంటాం. రెండు ఖర్చులూ ఒకే జేబులోంచి పోవాలి కాబట్టి ఆ పది రోజులు ఇంట్లో గొంతులు కొంచెం పెరుగుతాయి కూడా. ఇవన్నీ అయ్యాక, "హమ్మయ్య, పిల్ల కాలేజీకి తయారైంది" అనుకుంటాం.

పోయిన ఏడు నేనూ అట్లాగే అనుకున్నాను. మా పాప ఇంటర్ పాసై డిగ్రీలో చేరాల్సిన సంవత్సరం అది. మన దగ్గర డిగ్రీ సీట్లు ఎక్కువగా దోస్త్ ద్వారానే ఇస్తారని మీకు తెలుసు కదా. 2016 నుంచి ఇదే పద్ధతి. మొదటి విడతలో 200 రూపాయలు కట్టి పేరు నమోదు చేసుకోవాలి, కావలసిన కాలేజీలు వరుసగా ఎంచుకోవాలి, సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో "నేను చేరుతున్నాను" అని చెప్పాలి. దాన్నే సెల్ఫ్ రిపోర్టింగ్ అంటారు. అది చేయకపోతే వచ్చిన సీటు పోతుంది.

పాపను ఇంట్లో ఉంచి, కాగితాలన్నీ నేనే పట్టుకుని నెట్ సెంటర్‌కు వెళ్లాను. ఎండల్లో పిల్లను తిప్పడం ఎందుకులే అని. ఆధార్‌కు జత అయి ఉన్నది మా ఆయన నంబరు. పొద్దున్నే ఆయన పక్కనే ఉన్నాడు కాబట్టి ఓటీపీ చెప్పాడు, పని అయిపోయింది. పిన్ నంబరు రసీదు వెనక రాసి ఇచ్చారు. ఆ రసీదు నా చేతి సంచిలో వేసుకున్నాను. అంతే, ఇక దాని సంగతి మర్చిపోయాను.

సీటు వచ్చిందన్న మెసేజ్ మా ఆయన ఫోనుకు వచ్చింది. రీచార్జ్ మెసేజ్‌ల మధ్య అది అట్లాగే పడి ఉంది. వానలు పడి విత్తనాలు వేసే రోజులు. ఆయన మెసేజ్‌లు చూసే మనిషి కాదు. సెల్ఫ్ రిపోర్టింగ్ చివరి రోజు మధ్యాహ్నం మా పాప స్నేహితురాలు బస్సు దిగి ఇటొచ్చి, "నువ్వు చేసినవా?" అని అడిగితే గానీ మాకు తెలియలేదు.

అప్పుడు మొదలైంది పరుగు. రసీదు దొరకలేదు. పిన్ మార్చుకోవాలంటే మళ్లీ ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చే ఫోను కాగ్నా ఒడ్డున చేన్లో ఉంది, అదీ చార్జింగ్ అయిపోయి. పాప నెట్ సెంటర్ నుంచి వేరేవాళ్ల ఫోనులో నాకు చేసింది. "అమ్మా, నాయిన ఫోన్ కలుస్తలేదు. సీటు పోతదా?" అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా మరిది బండి మీద పోయి ఫోను తెచ్చి, చార్జింగ్ పెట్టి, చీకటి పడ్డాక ఆ పని ముగించాం. సీటు దక్కింది.

ఆ రాత్రి మా ఆయన మీద కోపం వచ్చింది నిజమే. కానీ తెల్లారి ఆలోచిస్తే ఆయన తప్పు ఎంతో నాదీ అంతే. పిల్ల సీటు, పిల్ల మార్కులు, పిల్ల వేలిముద్ర. ఇందులో పిల్ల చేతిలో ఉన్నది ఏమిటి? ఏమీ లేదు. నంబరు వాళ్ల నాయినది. పిన్ నా సంచిలో. సర్టిఫికెట్లు బీరువాలో నా చీరల కింద. పదిహేడేళ్లు దాటిన పిల్లకు తన దరఖాస్తు ఏ దశలో ఉందో తెలియదు. ప్రేమతోనే చేశాను. కానీ నేను చేసింది తయారు చేయడమే. తను తయారవలేదు.

అందుకే ఈ మాట రాస్తున్నాను. కాలేజీ తెరిచే ముందు మనం చేయవలసిన ఏర్పాట్లలో అన్నిటికన్నా ముందుది బ్యాగు కాదు. పిల్ల కాగితాలు, పిల్ల నంబరు, పిల్ల ఖాతా పిల్ల చేతికి అప్పగించడం.

నంబరు సంగతి ముందు చూద్దాం. నేనీ మాట అంటే మా పక్కింటి వదిన వెంటనే, "ఆడపిల్లకు ఫోన్ కొనిస్తే ఇగ చదువుతదా?" అంది. ఆమె భయాన్ని నేను కొట్టిపారేయను. నాకూ ఆ భయం ఉంది. కానీ ఫోను ఇవ్వడం వేరు, నంబరు ఇవ్వడం వేరు. ఓటీపీ రావడానికి పెద్ద ఫోను అక్కర్లేదు, బటన్ల ఫోను చాలు. పద్దెనిమిది నిండని పిల్లకు తన పేరున సిమ్ ఇవ్వరు కాబట్టి అమ్మ పేరున తీసుకుని, ఆధార్ కేంద్రానికి పిల్లను వెంటబెట్టుకుని వెళ్లి ఆ నంబరు జతచేయించాలి. వేలిముద్ర కావాలి కాబట్టి పిల్ల రాక తప్పదు. ఈ పని ఇంటర్ ఫలితాలు రాకముందే చేయించుకుంటే మంచిది. ఫలితాలొచ్చాక అందరూ అక్కడే ఉంటారు. నంబరుతో పాటు ఒక్క మాట కూడా చెప్పాలి: ఎవరు ఫోన్ చేసి అడిగినా ఓటీపీ చెప్పకూడదు, స్కాలర్‌షిప్ వచ్చిందని చెప్పినా సరే.

రెండోది పేరు. పదో తరగతి మెమో మీద ఉన్న పేరు, పుట్టిన తేదీ, ఆధార్ మీద ఉన్నవి అక్షరం అక్షరం ఒకటేనా? మన పిల్లలకు ఒకచోట ఇంటిపేరు ముందు ఉంటుంది, ఒకచోట వెనక, ఒకచోట ఉండనే ఉండదు. ఈ పని పిల్లకే చెప్పండి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని పావుగంట కూర్చుంటే చాలు.

మూడోది ఆదాయ ధ్రువపత్రం. కుల ధ్రువపత్రం ఒకసారి తీసుకుంటే పనికొస్తుంది గానీ, ఆదాయానిది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న కొత్తది అడుగుతారు. బీసీ పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షన్నర, పట్నాల్లో 2 లక్షల లోపు ఉండాలి. మీ సేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది. రెండు రోజుల్లో రావచ్చు, పది రోజులూ పట్టవచ్చు. కాలేజీలో అడిగిన రోజు పరుగెత్తితే ఎట్లా?

నాలుగోది బ్యాంకు ఖాతా. స్కాలర్‌షిప్ డబ్బులు ఆధార్ జతచేసిన పిల్ల ఖాతాలోనే పడతాయి. పదేళ్లు దాటిన పిల్లలు తమ ఖాతా తామే నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. ఖాతా తెరిచి పాస్‌బుక్ మన దగ్గర దాచుకుంటే సగం పనే అయినట్టు. నెలకోసారి తనే వెళ్లి ఎంట్రీ వేయించుకుని రావాలి.

ఇక కాలేజీల వరుస. మార్కులను బట్టి, మనం పెట్టిన వరుసను బట్టి సీటు వస్తుంది. మొదట ఏది పెట్టామన్నది చాలా పెద్ద మాట. మా ఇంట్లో వాళ్ల నాయిన తాండూరు తప్ప వద్దన్నాడు. నాకు కోఠి మహిళా కళాశాల మీద ఆశ. 1924 నాటి కాలేజీ, ఇప్పుడు విశ్వవిద్యాలయం కూడా అయింది. పాపను మాత్రం ఇద్దరమూ అడగలేదు. చివరికి తాండూరే వచ్చింది, బాగానే చదువుతోంది. అయినా ఆ వరుస తన చేత్తో రాసి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తూనే ఉంటుంది. మనం వద్దనాల్సి వస్తే వద్దందాం, కారణం చెబుదాం. కానీ ముందు అడుగుదాం.

"ఇవన్నీ పిల్లకు అప్పగిస్తే తప్పులు చేస్తుంది కదా" అంటారా? చేస్తుంది. ఈ ఏడు రెండో సంవత్సరం స్కాలర్‌షిప్ రెన్యువల్ కోసం ఆదాయ పత్రం తనే తెచ్చుకోమన్నాను. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సులో మనకు టికెట్ లేదు కాబట్టి చార్జీల ఇబ్బంది లేదు. మొదటి రోజు రేషన్ కార్డు నకలు మర్చిపోయి ఉత్త చేతులతో వచ్చింది. నా నోటిదాకా వచ్చింది, "ఇటియ్యి, నేను పోతా" అని. నాలుక కరుచుకుని ఊరుకున్నాను. రెండో రోజు తెచ్చుకుంది. ఆ రోజు నుంచి ఫైల్లో ప్రతి కాగితానికీ మూడు నకళ్లు పెట్టుకుంటోంది. ఈ అలవాటు నేను చెప్తే వచ్చింది కాదు, ఒక రోజు ఉత్తగా తిరిగొస్తే వచ్చింది.

మన తరంలో చాలామందికి మన సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో మనకే తెలియదు. నా బీఏ పట్టా పెళ్లయ్యాక ఎన్నేళ్లు మా అమ్మగారింటి ట్రంకు పెట్టెలో ఉందో లెక్కలేదు. ఎవరూ దాచలేదు. నేనే అడగలేదు. అది నాదన్న ధ్యాస నాకు ఎవరూ నేర్పలేదు, అంతే.

మొన్న మా చెల్లెలు తన బిడ్డను తీసుకుని వచ్చింది. ఆ పిల్లకు ఈ ఏడే ఇంటర్ అయిపోయింది. ఎప్పట్లాగే చెల్లెలు నా ముందు కాగితాల సంచి పెట్టి, "అక్కా, ఏమేం కావాలో చూడు" అంది. నేను చెయ్యి చాపేలోపే మా పాప లోపలి నుంచి వచ్చి ఆ సంచి తీసి చెల్లి ఒళ్లో పెట్టింది. పక్కన కూర్చుని మొదటి మాట ఇదే అడిగింది:

"నీ ఆధార్‌కు ఎవరి నంబరుంది?"

"నాయినది" అంది ఆ పిల్ల.

"అయితే లే. ముందు ఆ పని చేసుకొద్దాం పా" అని ఇద్దరూ చెప్పులేసుకుని బయల్దేరారు. మా చెల్లెలు నన్ను చూసింది. "పోనీ, పిల్లలే చేసుకుంటరు" అన్నాను.